మూడు దెబ్బల దయ్యం

దసరా సెలవులిచ్చే ముందు రోజు, చివరి పీరియడ్‌లో దయ్యం కథ చెప్పడం మా బడిలో నాకు అలవాటు. కమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏడాది పొడుగునా నదులూ రాజ్యాలూ ఎన్నికలూ చెప్పే నేను ఆ ఒక్క గంట మాత్రం కిటికీ రెక్కలు మూయించి, గొంతు తగ్గించి, మా ఊరి దయ్యం గురించి చెబుతాను. పై తరగతి పిల్లలు కింది తరగతి వాళ్ళకు ముందే చెప్పి ఉంచుతారు కాబట్టి ఆ రోజు ఎవరూ బడి ఎగ్గొట్టరు. పోయిన దసరాకు మాత్రం నేను కుర్చీ ముందుకు లాక్కుని కూర్చోగానే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, ఇప్పుడు కొత్తగా వచ్చిన సినిమా చూడండి మేడం. దాని ముందర మీ దయ్యం ఏం పనికిరాదు."

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది.

ఆ సినిమా గురించి విడుదల కాకముందు నుంచే వింటున్నాను. విడుదలయ్యాక ఇక చెప్పనక్కర్లేదు. కడపలో మొదటి ఆటకే ఒకాయన సీట్లో సొమ్మసిల్లాడని ఒకరు, హాలు ముందర అంబులెన్స్ నిలబెట్టారని ఇంకొకరు, గుండె జబ్బున్న వాళ్ళను గేటు దగ్గరే తిప్పి పంపుతున్నారని మరొకరు. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు తన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అందులో చీకట్లో జనం కుర్చీల మీదికెక్కి అరుస్తున్నారు. "మా బామ్మర్దికి మూడు దినాలు నిద్ర పట్టలేదు మేడం" అన్నాడు.

భయం విషయంలో నాకు కాస్త గర్వం ఉండేది. ఎనిమిదేళ్ళ వయసులో ఒకసారి భయపడ్డాను. ఆ తర్వాత ఏ సినిమా, ఏ పుస్తకం, ఏ శ్మశానం నన్ను అంతగా భయపెట్టలేదు. అయినా దయ్యాల సినిమా ఏది వచ్చినా వదలను. నొప్పి పుట్టే పన్ను దగ్గరికి నాలుక మాటిమాటికీ పోయినట్టు, ఆ పాత భయం మళ్ళీ ఎక్కడైనా తగులుతుందేమోనని పోతుంటాను.

అందుకే ఆ రోజు పిల్లలకు కథను ఇంకాస్త పదును పెట్టి చెప్పాను.

మాది కోసిగి దాటాక వచ్చే చిన్న పల్లె. అన్నీ వాన మీద ఆధారపడ్డ మెట్ట చేలు. పంట చేతికి రాని ఏడు, అంటే దాదాపు ప్రతి ఏడూ, దీపావళి దాటగానే ఊరు సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే మా వైపు కూలి వలస. ఇంటిల్లిపాదీ మూటాముల్లే కట్టుకుని లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. మళ్ళీ ఉగాదికి గాని రారు. అన్నాళ్ళూ వీధులకు వీధులే తాళాలు. ముసలివాళ్ళూ, బడికిపోయే పిల్లలు కొందరూ మిగులుతారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మానాన్నలు అట్లాగే పోతూ నన్నూ, పద్నాలుగేళ్ళ మా అక్కనూ అవ్వ దగ్గర వదిలి వెళ్ళారు. ఆ ఏడు మా వీధిలో తెరిచి ఉన్న ఇల్లు మాదొక్కటే.

మా ఎదురింటికీ తాళం. ఆ తాళం వేసిన ఇంట్లోంచి మిట్టమధ్యాహ్నం పూట చప్పుడు వచ్చేది. కిటికీ రెక్క మీద మూడు దెబ్బలు. కాసేపు ఆగి మళ్ళీ మూడు. మొదటిసారి విన్నప్పుడు అక్క నా పక్కనే కూర్చుని పేలు చూస్తోంది. నేను బిగుసుకుపోయాను. అక్క మాత్రం చాలా మామూలుగా చెప్పింది.

"ఆ ఇంట్లో దయ్యముండాది. సుగ్గికి పోయినోళ్ళ ఇండ్లలోకి వచ్చి కాపురముంటాది. మనం దాని జోలికి పోకుంటే అది మన జోలికి రాదు. ఎవురికన్నా చెప్పినావంటే మాత్రం నాలిక పెరికేస్తాది."

చెప్పి లేచి, చెంబు నిండా నీళ్ళు ముంచుకుని, ఒక జొన్నరొట్టె గుడ్డలో చుట్టుకుని ఆ ఇంటి వెనక్కి పోయింది. దయ్యానికి పెట్టి వస్తానంది. అట్లా ఎన్నోసార్లు పోయేది. ఖాళీ చెంబు ఊపుకుంటూ ఎండలో నడిచొచ్చే మా అక్కను చూస్తే, ఆదివారం బడిలో బొమ్మల్లో చూపించే దేవదూత గుర్తొచ్చేది నాకు.

ఒక రోజు అవ్వకు జ్వరం వచ్చింది. అక్క అవ్వను పొద్దున్నే బస్సులో కోసిగికి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పోతూ నన్ను అరుగు దిగొద్దని చెప్పింది. మాఘమాసపు చివరి రోజులు, అయినా ఎండ అప్పుడే నిప్పులు చెరుగుతోంది. నేను అరుగు మీద ఒక్కదాన్నే రాళ్ళతో అచ్చనగండ్లు ఆడుకుంటున్నాను. నా నీడ నా కాళ్ళ కిందికి వచ్చిన వేళ ఎదురింటి కిటికీ మీద మూడు దెబ్బలు పడ్డాయి.

నేను కదల్లేదు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. ఆ తర్వాత లెక్క తప్పింది. రెక్క ఊడి వీధిలో పడుతుందేమో అన్నట్టు కొట్టింది. చివరికి ఒక గొంతు వినిపించింది. ఆడగొంతే, కానీ ఎండుటాకులు నలిపినట్టు ఉంది. "పాపా" అని పిలిచింది. వెంటనే ఇంకో మాట ఏదో అంది. అది నాకు అర్థం కాలేదు.

నేను పరిగెత్తాను. వీధి చివర మా తాతల కాలం నాటి రాతి చర్చి ఉంది. దాని తలుపు వెనక సందులో దూరి, రెండు చెవులూ మూసుకుని, వచ్చిన ప్రార్థనలన్నీ చదివాను. చీకటి పడేవేళకు అక్క వెతుక్కుంటూ వచ్చి నన్ను ఎత్తుకునేసరికి నా ఒళ్ళు కాలిపోతోంది. మర్నాడే నన్ను ఆదోనిలో మా అత్త ఇంటికి పంపేశారు.

పిల్లలకు కథ చెప్పడం అక్కడితో ఆపేస్తాను. వాళ్ళు ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటారు. అప్పుడు ఎవరికీ కనబడకుండా బల్ల కింద చెయ్యి పెట్టి మూడుసార్లు కొడతాను. ప్రతి ఏడూ ఒకరిద్దరు కెవ్వున అరుస్తారు. ఈసారి సినిమా గురించి చెప్పిన ఆ అమ్మాయే అందరికంటే గట్టిగా అరిచింది. నాకు తృప్తిగా అనిపించింది.

సెలవులకు కర్నూలు పోయాను. అక్క అక్కడ పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. ఆ వారమంతా రాత్రి డ్యూటీ, పగలు ఖాళీ. సినిమాకు పోదామంటే ముందు ఒప్పుకోలేదు.

"టికెట్టు కొనుక్కొని భయపడేదేమిటికే? మా వార్డుకు రా, ఊరికేనే చూపిస్తా."

బతిమాలి మధ్యాహ్నం ఆటకు లాక్కుపోయాను. హాలు ముందర అంబులెన్స్ లేదు. గుండె జబ్బు గురించి ఎవరూ అడగలేదు. కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చారు, చేతుల్లో పాప్‌కార్న్ డబ్బాలు. నేను చున్నీ సర్దుకుని, కాళ్ళు దగ్గరికి తీసుకుని, హాల్లో దీపాలు ఆరగానే నిజంగానే గుండె కొట్టుకోవడం విన్నాను. చిన్నపిల్లలా ఎదురుచూశాను.

ఎక్కడో కొండల మీద ఒక బంగళా. రోజంతా మంచు పొగ. కొత్తగా పెళ్ళయిన జంట. ఎవరూ ముట్టకుండానే మోగే పియానో. మనవైపు ఎవరింట్లో పియానో ఉంటుందో నాకు తెలీదు. పోనీ అనుకున్నాను. పది నిమిషాలకొకసారి అంతా నిశ్శబ్దమైపోయేది, ఆ కొత్త పెళ్ళికూతురు ఏ తలుపు వైపో నడిచేది, నెత్తిన పిడుగు పడ్డట్టు ఆ తలుపు మీద దెబ్బ పడేది. నాలుగోసారికి ముందు వరసలోని కుర్రవాళ్ళకు లయ దొరికిపోయింది. నిశ్శబ్దం కాగానే "ఒకటీ, రెండూ, మూడూ" అని అందరూ కలిసి లెక్కపెట్టేవాళ్ళు. సరిగ్గా మూడుకు చప్పుడొచ్చేది. హాలంతా పగలబడి నవ్వేది. జుట్టు విరబోసుకున్న దయ్యం గోడ మీద బల్లిలా పాకుతుంటే నా పక్కనున్నావిడ ఫోన్ తీసి ఇంట్లో కూర ఏం వండాలో చెప్పింది.

ఆ దయ్యం ఎందుకు దయ్యమైందో రెండో సగంలో ఐదు నిమిషాల్లో చెప్పేశారు. ఎవరో రాజు, ఎవరో నాట్యం చేసే పిల్ల, ఒక నగ. ఆ పిల్ల మొహం సరిగ్గా కనబడనే లేదు. ఆమె చచ్చిపోవడం కూడా పొగలోనే జరిగింది. పక్కకు తిరిగి చూస్తే మా అక్క తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి హాయిగా నిద్రపోతోంది. ఆఖరికి దయ్యాన్ని ఒక పెట్టెలో బంధించారు. పెట్టె మూత కదిలింది. మిగతాది రెండో భాగంలో అని తెర మీద పడింది. ఎవరో ఈల వేశారు.

బయటికి వస్తే ఎండ కళ్ళల్లో పొడిచింది. ఇద్దరం రోడ్డు పక్కన చెరుకురసం బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నాకు కోపంగా ఉంది. మోసపోయినట్టుంది. రెండున్నర గంటల్లో ఒక్క క్షణం కూడా నా చర్మం జలదరించలేదని, ఇంత ఆర్భాటం దీనికా అని, గ్లాసు పట్టుకుని ఒకటే సణుగుతున్నాను.

"దీనికంటే నువ్వు చెప్పిన దయ్యమే వెయ్యి రెట్లు నయంక్కా. పొగ లేదు, జుట్టు లేదు. మూడు దెబ్బలు, అంతే. నువ్వు సినిమా తీసింటే ఊరంతా నిజంగానే పడిపోయేది."

అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది.

"ఇంగా చెప్తాండావా పిల్లోళ్ళకు ఆ కథ?"

"ప్రతి ఏడూ చెప్తా."

"ఇంగ చెప్పొద్దులేమే."

"ఏమిటికి?"

అక్క చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. "అది దయ్యం గాదు" అంది.

నేను నవ్వాను. "అది నాకు తెలీదా? ఎలకో, పిల్లో అయ్యుంటాది. అయినా నువ్వు..."

"మనిషి మే."

బండివాడు చెరుకు గడ మిషన్లో పెట్టాడు. ఆ చప్పుడు ఆగిన తర్వాత అక్క నా వైపు చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

ఆమె ఎదురింటివాళ్ళ కూతురు. రాయచూరు దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. ఆ సంగతి నాకూ తెలుసు. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు జరిగిన పెళ్ళి. కానుపులో బిడ్డ చనిపోయాక ఆమెకు మతి తప్పింది. కాసేపు నవ్వడం, కాసేపు ఏడవడం, లేచి ఎటంటే అటు వెళ్ళిపోవడం. అత్తగారివాళ్ళు తీసుకొచ్చి పుట్టింట్లో వదిలేశారు. అది సరిగ్గా సుగ్గికి పోయే ముందు రోజు.

"వాళ్ళు పిల్చుకొనే పోతామనిరి. లారీ కాడ మేస్త్రీ ఒప్పుకోలే. దావలో దూకితే ఎవురు జవాబు చెప్పేది అన్యాడు. ఈళ్ళు పోకపోతే కడుపుకు ఏముండాది? ఆయమ్మ తల్లి వచ్చి అవ్వ కాళ్ళ కాడ కూలబడి ఏడ్చె. నేను చూసుకుంటాలే పొమ్మని అవ్వ చెప్పె."

"అయితే తాళం ఏమిటికి వేసింది?"

"వయసులో ఉండే మనిషి మే. మతి లేదు. వీధంతా ఖాళీ. ఆడమనిషి ఒంటిగ ఉండాదని తెలిస్తే కుక్కలట్ల వస్తారు. అందుకే ఎవురికీ తెలియగూడదని అవ్వ నాతో బైబిలు మీద ఒట్టేయించుకున్య. తెల్లారకముందే తాళం తీసి బయటికి పిల్చుకొని పోతాండె. నీళ్ళు పోసి, తల దువ్వి, మళ్ళ లోపల పెట్టి తాళమేస్తాండె. నువ్వు నిద్రపోతాంటివి."

"నాకు చెప్పుంటే..."

"నువ్వు బడికి పోయి చెప్పేస్తావని భయం. అందుకే దయ్యమని చెప్పినా."

నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. అర్థం చేసుకోకుండా ఇంకాస్తసేపు ఉండాలని చూశానేమో. "మరి ఆ మూడు దెబ్బలు?" అన్నాను.

"నేనే నేర్పిచ్చినా. నీళ్ళు కావల్లంటే మూడు మార్లు కొట్టు వదినా, యాడున్నా వస్తా అని."

ఆ రోజు అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకుపోయే ముందు ఆమెకు రొట్టె, నిండు కడవ పెట్టిపోయారట. ఆమె చెయ్యి తగిలి కడవ పగిలిపోయింది. తిరుగు బస్సు రాలేదు. అక్కా అవ్వా పొద్దుగూకే వేళకు నడిచి వచ్చి తలుపు తీస్తే ఆమె కిటికీ కింద పడి ఉంది. పెదవులు పగిలి నెత్తురు ఎండిపోయింది. పిడికిళ్ళు వాచాయి. గుడ్డ తడిపి నోట్లో ఒక్కొక్క బొట్టు పిండుతూ రాత్రంతా కూర్చున్నారు. ఆ తర్వాత అవ్వ ఎవరేమనుకున్నా సరే అని ఆమెను మా ఇంట్లోకే తెచ్చి పెట్టుకుంది. ఊళ్ళో వాళ్ళకు చెప్పేసింది. అప్పటికే నేను ఆదోనిలో ఉన్నాను; తర్వాత చదువంతా అక్కడే అయింది, ఊరికి చుట్టపుచూపుగానే వచ్చిపోయేదాన్ని.

"నీకు జొరం తగ్గినాక చెప్దామనుకుంటి" అంది అక్క. "ఉగాదికి నువ్వొచ్చినప్పుడు ఆయమ్మను వాళ్ళమ్మానాయన దర్గాకు పిల్చుకపోయిండ్రి. నువ్వొచ్చీ రాంగానే దయ్యం కథ చెప్పబట్టినావు. అందరూ నోరు తెరుచుకొని వింటాండ్రి. అంత బాగ చెప్తాంటివి. ఇంగ ఎట్ల చెప్పేది నీకు?"

"పాపా" అన్న తర్వాత ఆ గొంతు అన్న రెండో మాట ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. తెలిసింది అనడం కూడా అబద్ధమేమో. మా సరిహద్దు ఊళ్ళల్లో కన్నడంలో నీరు అన్నా, తెలుగులో నీళ్ళు అన్నా పసిపిల్లకు కూడా అర్థమవుతుంది. నేను దాన్ని విన్నాను. విని, అర్థం కాలేదని నాకు నేను చెప్పుకుని, ఇన్నేళ్ళూ పిల్లలకు కూడా అట్లాగే చెప్పాను. బల్ల కింద చెయ్యి పెట్టి కొట్టాను.

చెరుకురసం గ్లాసు నా చేతిలో నిండుగానే ఉంది. తాగలేకపోయాను. పారబోయనూ లేకపోయాను. చివరికి దాన్ని బండివాడికే తిరిగి ఇచ్చేశాను.

"ఆమె ఇప్పుడు..."

"ఊర్లోనే ఉండాది. నేను ఆస్పత్రిలో చేరినాక పిల్చుకొచ్చి మతి డాక్టరుకు చూపించినా. అప్పటి నుంచి మాత్రలు మింగుతాండాది. బాగనే ఉండాది. నెలకొకసారి నేనే తీసకపోయి ఇచ్చొస్తా."

అక్క నెలనెలా ఊరికి ఎందుకు పోతుందో నేనెప్పుడూ అడగలేదు. అవ్వ సమాధి చూసుకోవడానికేమో అనుకునేదాన్ని.

మూడో రోజు ఇద్దరం ఎమ్మిగనూరు మీదుగా బస్సులో పోయాం. నేనే పోదామన్నాను. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ, ఆమెతో ఏమనాలో తయారు చేసుకున్నాను. పాఠం తయారు చేసుకున్నట్టే. బస్సు దిగేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

ఆ ఏడు వానలు మరీ మొహం చాటేయడంతో దసరా మర్నాటి నుంచే జనం సుగ్గికి బయల్దేరారు. మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఎండ తెల్లగా ఉంది. మా ఇల్లు నాన్న పోయాక ఎవరికో అమ్మేశాం, దానికీ తాళమే. ఎదురింటి తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి. అరుగు మీద ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. నెరిసిన జుట్టు నున్నగా దువ్వి ముడివేసుకుంది. బొడ్లో తాళంచెవుల గుత్తి. లెక్కపెట్టలేదు గాని, ఒక ఇంటివి మాత్రం కావు.

"అన్నీ ఈయమ్మ కాడనే పెట్టి పోతారు" అని అక్క నా చెవిలో చెప్పింది. "ఎవురింటిది ఏదో చీకట్లో చేత్తో తడిమి చెప్తాది."

ఆమె మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది. "ఏమ్మా, మాత్రలు ఇంగా ఉండాయి గదా, అప్పుడే వచ్చినావు?" అని అక్కను అడిగింది. ఆ గొంతు నేను గుర్తుపడతానని భయపడ్డాను. గుర్తుపట్టలేదు. అది మామూలు గొంతు, కాస్త బొంగురు.

"మా చెల్లెలు వదినా. నిన్ను చూడల్లని వచ్చింది."

"బడిలో చెప్పే పాపనా? కూసోమ్మా, కూసో."

నేను కూర్చోలేదు. కూర్చుంటే ఇక చెప్పలేనని తెలుసు. "ఆ పొద్దు నువ్వు కిటికీ కొట్టినప్పుడు అరుగు మీద ఉండేది నేనే వదినా. నువ్వు పిలిస్తే విని పరిగెత్తి పోయినా. ఎవురికీ చెప్పలేదు. నన్ను..."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, జాలి లేదు. ఎక్కడో పెట్టి మరిచిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు చూసింది.

"నాకు ఆ దినాలు సగమే యాదికుండాయమ్మా. మీ అక్క చెయ్యి గుర్తుండాది, పచ్చ గాజులు వేసుకొని ఉండె. కడవ పగిలింది గుర్తుండాది. బండల సందులో నీళ్ళు నిలబడింటే వంగి నాకిన్యా. మన్ను రుచి ఇంగా ఉండాది నోట్లో." కొంగుతో నోరు తుడుచుకుంది. "నువ్వు ఉండేది గుర్తు లేదు. చిన్నపిల్లవి గదా."

అది క్షమించడమో కాదో నాకు తెలియలేదు. ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నేను అరుగు అంచున కూర్చున్నాను. అక్క వాతావరణం తేలిక చేయాలనేమో, మేం సినిమాకు పోయిన సంగతి ఎత్తింది. తాను నిద్రపోయిందని చెప్పింది.

"దయ్యాల సినిమానా?" ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "ఏం కథ? చెప్పమ్మా, నువ్వు చూసినావు గదా."

తప్పించుకోలేక చెప్పాను. ఎంత చప్పగా చెప్పాలో అంత చప్పగా చెప్పాను. బంగళా, పొగ, తలుపుల మీద దెబ్బలు, గోడ మీద పాకే దయ్యం. ఆమె మాత్రం చెరగడం ఆపి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. నిజంగానే భయపడింది. మధ్యలో ఆపి అడిగింది.

"ఆ దయ్యం పిల్ల తలుపులు ఏమిటికి కొడతాది?"

"భయపెట్టేదానికి వదినా."

"అంతేనా?"

"సినిమాలో అంతే చూపించిండ్రి."

"ఎవురన్నా పోయి ఏం కావల్లమ్మా అని అడగలేదా?"

"లేదు."

"అడగకపోతే కొట్టక ఏం చేస్తాది మరి" అని, జొన్నల్లోంచి ఒక రాయి ఏరి వీధిలోకి విసిరింది. తర్వాత నా వైపు తిరిగి, "మజ్జిగ తాగుతురు గాని, లోపల కుండలో ఉండాది. నాకు మోకాళ్ళు లెయ్యవు. నువ్వు పోయి తెచ్చుకో తల్లీ" అంది.

ఆ ఇంట్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. లోపల చల్లగా, బూడిదా కిరసనాయిలూ కలిసిన వాసన వేస్తోంది. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా గడప దగ్గరే నిలబడ్డాను. ఎడమవైపు వీధిలోకి ఆ కిటికీ. ఇన్నేళ్ళూ దాన్ని బయటి నుంచే చూశాను. మూసిన రెక్కలు, వెనకాల ఏమీ లేని చీకటి. పిల్లలకు కూడా అట్లాగే వర్ణించాను.

దగ్గరికి పోయాను. రెక్క చెక్క మధ్యలో పాత పగులు ఒకటి ఉంది, వేలు పట్టేంత. రెక్కలు దగ్గరికి వేసి ఆ పగులులోంచి చూశాను. మా పాత ఇంటి అరుగు ఎదురుగా ఉంది. నేననుకున్నంత దూరంలో లేదు. గట్టిగా మాట్లాడనక్కర్లేదు, మామూలుగా మాట్లాడితే వినిపించేంత దగ్గర. అరుగు బండ మీద అక్కా నేనూ గీసుకున్న పులిజూదం గీతలు కూడా కనిపించాయి. పొద్దంతా ఆమెకు చూసేందుకు ఉన్నది అదొక్కటే. మా ఆటలు, మా జుట్లు పట్టుకుని కొట్లాడుకోవడం, అన్నీ చూసి ఉంటుంది. ఆ మధ్యాహ్నం నేను రాళ్ళు పారేసి లేవడం, వెనక్కి తిరిగి చూడకుండా వీధి చివరిదాకా ఉరకడం, అదీ కనిపించే ఉంటుంది. గుర్తు లేదని అన్నది.

నేను రెక్క వదల్లేదు. ఒళ్ళు చల్లబడింది. వీపు మీద వెంట్రుకలు లేచాయి. ఇన్నేళ్ళు ప్రతి హాల్లోనూ చీకట్లో కూర్చుని వెతుక్కున్నది ఇదే. ఎప్పటికీ రాకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

"దొరికిందా తల్లీ మజ్జిగ?" బయటి నుంచి ఆమె కేకేసింది.

"దొరికింది వదినా" అన్నాను. కుండ ఏ మూలనుందో ఇంకా చూడనేలేదు.